నెలాఖరు ఆదివారాలు

నేను ఒక వైఫై డబ్బాను. అసలు పేరు రూటరు. ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు నా జీవితంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు, మిగతా అందరికీ నేను డబ్బానే. నెట్ సవ్యంగా వచ్చినన్నాళ్ళూ ఎవరూ నా వంక చూడరు. రాకపోతే మాత్రం ముందు నా నెత్తి మీదే చెయ్యి పడుతుంది. తట్టి చూస్తారు, ఊది చూస్తారు, తీగ పీకి మళ్ళీ పెడతారు. తప్పు ఆ తీగ అవతలి కొసన కూర్చున్నవాళ్ళది కావచ్చని ఎవరికీ తోచదు. నేను కంటికి కనిపిస్తాను, వాళ్ళు కనిపించరు. అందుకని దెబ్బలు నాకే.

ఏ దేశంలో పుట్టానో నా అడుగున సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. అది చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది. నాతోపాటు అదే రోజు, అదే బల్ల మీద, అచ్చం నాలాంటివి కొన్ని వేలు పుట్టాయి. పుడుతూనే మా అందరికీ ఒకే గుణం పెట్టారు. ఎంత వస్తే అంత పంపించడం. అలసిపోవడం మాకు తెలియదు, నెల మొదలని, నెలాఖరని తెలియదు. ఆ తేడాలు మనుషులు తర్వాత నేర్పారు.

మొదటి ఉద్యోగం కాకినాడలో ఒక పెళ్ళిసంబంధాల ఆఫీసులో. అక్కడ మూడేళ్ళు ఉన్నాను. వందల ఫోటోలు నాలోంచి ఊళ్ళు దాటి వెళ్ళాయి. మనిషి ఎలాంటివాడో అడిగినవాళ్ళు తక్కువ, ఎత్తు ఎంత, జీతం ఎంత, పొలం ఎంత అని అడిగినవాళ్ళే ఎక్కువ. ఆ ఆఫీసు మూతపడ్డాక కేబుల్ ఏసుబాబు నన్ను పట్టుకొచ్చి, తడిగుడ్డతో తుడిచి, కొత్త అట్టపెట్టెలో పెట్టి సామర్లకోటలో మాణిక్యాంబ గారి చేతికిచ్చాడు. "కొత్తదండి, మీకోసమే తెప్పించాను" అన్నాడు. ఆ రోజే అనుకున్నాను, ఈ వ్యాపారంలో మాటకీ సరుకుకీ పెద్దగా సంబంధం ఉండదని.

ఆ ఇల్లు స్టేషను వెనక వీధిలో ఉంది. మూడు వాటాలు. ముందు వాటాలో ఇంటావిడ మాణిక్యాంబ గారు ఒక్కరే ఉంటారు. మేడ మీద శేషుబాబు, ఆయన భార్య. మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే ఉద్యోగం ఆయనది. పెరటి వైపు ఒంటిగది వాటాలో నూకరత్నం. మూడు వాటాలకీ ఒకటే బోరు, ఒకటే వీధి గేటు, అలాగే ఒకటే నెట్. ఆ వీధిలో అందరిళ్ళలోనూ అదే పద్ధతి. నన్ను మాణిక్యాంబ గారి ముందుగదిలో, గూట్లో, భర్త ఫోటో కింద పెట్టారు. ఆయన బతికున్నప్పుడు మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వు తిప్పే పని చేశారట. పొద్దున ఊరికి నీళ్ళు వదలడం, వేళ కాగానే కట్టెయ్యడం. ఆవిడకీ ఆ అలవాటే ఒంటబట్టింది. పెరట్లో కుళాయి చుక్క కారినా సరే, అన్నం ముందునుంచి లేచి వెళ్ళి కట్టేసి వస్తారు.

ఏసుబాబు ఇచ్చిన ప్లాను కాగితం మీద 'అపరిమితం' అని అరచేతి వెడల్పు అక్షరాల్లో ఉంది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు. అదే నక్షత్రం కాగితం అడుగున మళ్ళీ కనిపిస్తుంది. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో, నెలకు రెండువందల జీబీలు దాటిన పిదప వేగము తగ్గించబడును అని ఉంటుంది. మాణిక్యాంబ గారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివారు.

"అపరిమితం అంటూనే మళ్ళీ ఈ రెండొందలేంటయ్యా?"

"ఆగిపోదండి, నెమ్మదిస్తుందంతే. నెలంతా వస్తూనే ఉంటుంది కాబట్టి అపరిమితమే కదండీ" అన్నాడు ఏసుబాబు, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపిస్తూ.

ఆ నెమ్మది ఎంతో నేను చెబుతాను. యాభై వంతుల్లో ఒక్క వంతు. ఆ ఒక్క వంతునీ మూడు వాటాలూ పంచుకోవాలి. అన్నం గరిటెతో వడ్డిస్తూ వడ్డిస్తూ, సగం భోజనంలో గరిటె తీసేసి ఉగ్గుగిన్నె పట్టుకొస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అడిగితే, వడ్డన ఆపలేదు కదా అంటారు.

ఇక నూకరత్నం సంగతి. నేను ఇదంతా చెప్పడానికి కారణం ఆవిడే.

నూకరత్నానికి పుట్టినప్పటినుంచీ చెవులు వినిపించవు, మాట రాదు. తుని అవతల పల్లెలో పుట్టింది, బడి మొహం చూడలేదు, అక్షరం రాదు. జాకెట్లకి హుక్కులు, కాజాలు, చీరలకి ఫాల్సు కుట్టి బతుకుతోంది. కూతురు హారికకి రెండేళ్ళప్పుడు భర్త విషజ్వరంతో పోయాడు. హారికకీ వినిపించదు. బధిరుల సైగల భాష ఒకటి ఉంటుందని తల్లికి చెప్పినవాళ్ళు లేరు. అందుకని తల్లీ కూతురూ వాళ్ళ భాష వాళ్ళే తయారుచేసుకున్నారు. ముక్కు మీద వేలు పెట్టి కళ్ళజోడు పైకి తోసినట్టు చేస్తే మాణిక్యాంబ గారు. బొటనవేలితో గాల్లో రిమోటు నొక్కితే శేషుబాబు. చెంప కింద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటే చనిపోయిన నాన్న. ప్రపంచం మొత్తంలో ఆ భాష తెలిసినవాళ్ళు ఇద్దరే.

హారికకి ఎనిమిదేళ్ళు వచ్చాక, ఒక టీచరమ్మ ఇంటికి నాలుగుసార్లు తిరిగి, చేతులతో, బొమ్మలతో నచ్చజెప్పి, విశాఖపట్నంలో బధిర పిల్లల హాస్టలు బడిలో చేర్పించింది. నూకరత్నం ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే. ప్రతి ఆదివారం పిల్లలు వంతులవారీగా వార్డెను ఫోనులోంచి ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు, హారిక వంతు పదకొండు గంటలకి. పావుగంట. ఆ పావుగంట కోసం పాత టచ్ ఫోనొకటి కొనుక్కుంది. నెంబరు బతికి ఉండటానికి చిన్న రీచార్జి తప్ప అందులో వేరే నెట్ వేయించుకునే స్తోమత లేదు. నెట్ అంటే ఆవిడకి నేనే.

రెండు గోడలు దాటి పెరటి గదిలోకి నా సిగ్నలు సరిగా పోదు. అందుకని ఆదివారం పదిన్నరకే తలస్నానం చేసి, ముందుగదికి వచ్చి, గూటి కింద చాప వేసుకుని కూర్చునేది. నాలోంచి పోయేవన్నీ తాళం వేసిన పెట్టెలు, లోపల ఏముందో నాకు తెలియదు. కానీ ఆవిడ నా కిందే కూర్చోవడంవల్ల అంతా కళ్ళారా చూశాను. ఫోను బిందెకి ఆనించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని మాట్లాడేది. హారిక బడిలో నేర్చుకున్న కొత్త సైగలు తల్లికి నేర్పేది. ఆదివారానికి మూడు. అమ్మ తప్పు చేస్తే నవ్వేది, మళ్ళీ చేయించేది. ముప్ఫై ఏళ్ళు దాటాక నూకరత్నానికి అదే మొదటి బడి. ఫీజు లేని ఆ బడికి గోడలూ కప్పూ నేనేనని గర్వపడ్డాను. గర్వపడినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఎందుకంటే అది నెలలో రెండు ఆదివారాలే. మహా అయితే మూడు.

శేషుబాబు ఇంట్లో టీవీ గోడంత ఉంటుంది. ఆయన నిద్ర లేచింది మొదలు అందులో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది, గదిలో మనిషి ఉన్నా లేకపోయినా. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి రెండువందలూ అయిపోయేవి. ఆ తర్వాత వచ్చే ఆదివారం హారిక మొహం తెర మీద ముక్కలు ముక్కలుగా వచ్చేది. చెయ్యి పైకెత్తుతుంది, అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ కదిలేసరికి చెప్పాల్సిందంతా అయిపోయి చేతులు ఒళ్ళో ఉంటాయి. చెవులున్నవాళ్ళకి బొమ్మ ఆగినా గొంతు వినిపిస్తుంది, బొమ్మ కట్టేసి మాట్లాడుకుంటారు. గొంతుకి నెట్ ఎంతో అక్కర్లేదు, ఇప్పుడు ఫోనులో ఎంత మాట్లాడినా ఎవరూ అడగటం లేదు కూడా. వీళ్ళిద్దరికీ బొమ్మే మాట. ఆ మాటని మాత్రం జీబీల్లో తూచారు. నోరున్నవాడి కబుర్లకి లెక్క లేదు, చేతులతో మాట్లాడేదానికి గీత గీశారు. ఈ గీత గీసినవాళ్ళు ఇలాంటి మనుషులున్నారని తెలిసి కాదు, తెలియకే చేశారు. తెలియకపోవడం నేరం కాదని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాణిక్యాంబ గారు ఊరుకోలేదు. ముందు శేషుబాబుని అడిగారు. ఆయన దురుసుగా ఏమీ మాట్లాడలేదు. "అపరిమితమని చెప్పే కదండీ పెట్టించారు. నేనూ నా వాటా ఇస్తున్నాను కదండీ" అన్నాడు. అది నిజమే. తర్వాత ఏసుబాబుని పిలిపించారు.

"అందరికీ సమానంగా అందాలని పెట్టారండి ఆ లిమిటు. ఒకళ్ళే లాగేస్తే పక్కింటోళ్ళకి రాదు కదండీ."

"మరి ఆదివారం పొద్దున్న పదకొండింటికి ఈ వీధిలో ఎవరు లాగేస్తున్నారయ్యా? సగంమంది చర్చిలో ఉంటారు, సగంమంది మార్కెట్లో ఉంటారు."

ఏసుబాబు తల గోక్కున్నాడు. "ఆ టైములో లైను ఖాళీయేనండి. లోడంతా సాయంత్రం ఏడు తర్వాతే. కానీ పైవాళ్ళు తారీఖు చూస్తారండి, టైము చూడరు. పెద్ద ప్లానుకి మారిపోండి, గొడవుండదు."

చూశారా, చివరి మాటలో బయటపడింది. సాయంత్రం వీధంతా ఒక్కసారి మీద పడ్డప్పుడు ఇరుకవుతుంది, ఒప్పుకుంటాను. ఆ వేళ శేషుబాబు టీవీని కాస్త తగ్గించమంటే నేనే ముందు తగ్గిస్తాను. కానీ ఆదివారం పొద్దున్న నా తీగ ఊరవతల రోడ్డులా ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ తీగలో ఇద్దరు తల్లీకూతుళ్ళ చేతులు కదిలితే పక్కింటివాళ్ళకి పోయేదేమిటి? నెల మొదట్లో మిగిల్చిందేదీ నెలాఖరుకి నిలవ ఉండదు. ఇవాళ వాడనిది ఇవాళే పోతుంది. ట్యాంకు లేని చోట ట్యాంకు ఉన్నట్టు బొమ్మ గీసి, నీళ్ళు అయిపోయాయని కుళాయి బిగిస్తున్నారు.

పాపం మాణిక్యాంబ గారు ఆ బొమ్మని నమ్మారు. వాల్వు తిప్పినాయన భార్య, నమ్మక ఏం చేస్తారు? నా దీపాలు మినుకుమినుకుమనడం చూసి, ఎవరూ వాడకపోయినా నాలోంచి జీబీలు కారిపోతున్నాయనుకున్నారు. నవంబరు నెలలో ఒక నిర్ణయానికి వచ్చారు. నూకరత్నానికి నెలాఖరు ఆదివారం మిగలాలంటే పొదుపు చెయ్యాలి. పొద్దున శేషుబాబు డ్యూటీకి వెళ్ళగానే నా స్విచ్చి కట్టేసేవారు. పని ఉన్నప్పుడు వేసేవారు, పని కాగానే కట్టేసేవారు. ఆ సంగతి నూకరత్నానికి సైగ చేసి చెప్పారు కూడా, గుప్పిటతో కుళాయి తిప్పినట్టు. నూకరత్నం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఆ నెలలోనే శేషుబాబుని కంపెనీవాళ్ళు పదిహేను రోజులు ట్రైనింగుకి హైదరాబాదు పంపారు. భార్య పుట్టింటికి వెళ్ళింది. మేడ మీద టీవీ మూగబోయింది. ఇరవై ఎనిమిదో తారీఖు వచ్చినా ఇంకా నలభై జీబీలు మిగిలే ఉన్నాయి. అది తన స్విచ్చి మహిమే అనుకున్నారు మాణిక్యాంబ గారు. ఏసుబాబుకి ఫోను చేసి లెక్క అడిగి మరీ మురిసిపోయారు. కాదు తల్లీ, నేను ఖాళీగా వెలిగినా ఏమీ కారిపోదు అని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ ఇంట్లో నోరు లేనివాళ్ళం ఇద్దరం, అందులో సంగతి తెలిసినది నేనే, చెప్పలేకపోయాను.

శనివారం మధ్యాహ్నమే స్విచ్చి కట్టేశారు, ఆదివారానికి నిండుగా ఉంచాలని. ఆ సాయంత్రం హాస్టలు నుంచి ఒక మెసేజి వచ్చింది. రేపు పదకొండింటికి బడికి పెద్దలెవరో పళ్ళేలు, దుప్పట్లు పంచడానికి వస్తున్నారు, కాబట్టి పిల్లల కాల్స్ అన్నీ గంట ముందుకి, హారికది పదింటికే. నూకరత్నం చదవలేకపోయినా మాణిక్యాంబ గారికి చూపించి చదివించుకునేది. కానీ నేను ఆరిపోయి ఉన్నాను కదా, ఆ మెసేజి ఊరి బయటే ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్న మాణిక్యాంబ గారు చెల్లెలి గృహప్రవేశానికి పెద్దాపురం వెళ్ళారు. ముందుగదికి తాళం వేసుకుని వెళ్ళారు. పదకొండు లోపల వచ్చేస్తానని నూకరత్నానికి గడియారం మీద వేలు పెట్టి చూపించారు. మాట తప్పే మనిషి కాదు. నూకరత్నం పదిన్నరకి తలస్నానం చేసి వచ్చి, తాళం చూసి, కిటికీ ఊచల్లోంచి నా వైపు చూసింది. దీపాలు లేవు. ఇంకా అరగంట ఉంది కదా అని అరుగు మీద కూర్చుంది, ఫోను ఒళ్ళో పెట్టుకుని. పదింటికి ఒకసారి, పదీ ఐదుకి ఒకసారి, పదీ ఇరవైకి ఒకసారి కూతురు పిలిచిందని ఆవిడకి తెలియదు.

పదకొండుకి ఐదు నిమిషాలు ఉందనగా ఆటో దిగి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చారు మాణిక్యాంబ గారు. తాళం తీశారు, స్విచ్చి వేశారు. నా దీపాలు వెలగడానికి రెండు నిమిషాలు పట్టింది. వెలగగానే నిన్నటి మెసేజి, ఇవాళ్టి మూడు పిలుపులు ఒక్కసారే వచ్చి పడ్డాయి. మాణిక్యాంబ గారు మెసేజి చదివి, గడియారం మీద పది అంకె దగ్గర వేలు పెట్టి నూకరత్నానికి చూపించారు. నూకరత్నం తిరిగి పిలిచింది. మళ్ళీ పిలిచింది. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా పిలుస్తూనే ఉంది. వార్డెను ఫోను ఆఫీసు గదిలో ఉంది, వార్డెను పళ్ళేలు పంచేవాళ్ళ దగ్గర ఉంది. నా స్పీడు ఆ రోజు ఎంత ఉండాలో అంతా ఉంది. నవంబరు మొత్తానికి నేను అంత పదునుగా ఎప్పుడూ లేను.

సోమవారం పొద్దున్న రైలెక్కి వెళ్ళిన నూకరత్నం, మంగళవారం సాయంత్రానికి తిరిగొచ్చింది. పక్కన హారిక. చేతిలో రేకుపెట్టె. టీచరమ్మ వెనకాలే వచ్చి మాణిక్యాంబ గారికి జరిగింది చెప్పింది. మూడుసార్లు పిలిచినా అమ్మ రాకపోయేసరికి, పిల్ల చెంప కింద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని అందరికీ చూపించిందట. ఆ సైగ ఏమిటో హాస్టల్లో ఎవరికీ తెలియదు. నిద్ర వస్తోందేమో అనుకుని పడుకోబెట్టారు. రెండు పూటలు ముద్ద ముట్టలేదు. సోమవారం తల్లి వెళ్ళేసరికి జ్వరం కాసి ఉంది, తల్లిని చూసి నమ్మలేక మొహం తడిమి చూసిందట. ఇంక నూకరత్నం ఎవరి మాటా చూడలేదు. వార్డెను కాగితం రాసిస్తే వేలిముద్ర వేసి పిల్లని తీసుకొచ్చేసింది.

"చెప్పి చూడండమ్మా, చురుకైన పిల్ల, ఏడాదిలో అక్షరాలన్నీ వచ్చేశాయి" అంది టీచరమ్మ. మాణిక్యాంబ గారు చేతులతో ఎంత చెప్పాలో అంతా చెప్పారు. నూకరత్నం మొహం తిప్పేసుకుంది. చూడనివాళ్ళకి సైగ చెప్పడం ఎవరివల్లా కాదు. మేడ మీది వాళ్ళు, వీధిలోవాళ్ళు మాత్రం నోళ్ళు ఊరికే ఉంచుకోలేదు. ఇలాంటివాళ్ళకి చదువు విలువ తెలియదన్నారు. చదువు విలువ తెలిసిన పెద్దమనుషులే ఆ నక్షత్రం గుర్తు పెట్టారన్న సంగతి వాళ్ళకి గుర్తు రాలేదు.

డిసెంబరు మూడో తారీఖున ఏసుబాబు వచ్చాడు. మాణిక్యాంబ గారు అడిగిన మొదటి మాట, "నలభై మిగిల్చాను కదయ్యా, అవి ఈ నెలకి కలిపారా?"

"కలపరండి. నెలతో పోతాయండి."

"ఎక్కడికి పోతాయి?"

ఏసుబాబు రసీదు పుస్తకం తెరిచాడు. ఆవిడ నా వైపు చూసి, "ఆ పెద్ద ప్లానేదో పెట్టెయ్యి. ఎంతయినా సరే" అన్నారు. కంపెనీకి కావలసింది అదే. ఒక పిల్ల చదువు ఖర్చుపెట్టి ఒక పెద్ద ప్లాను అమ్ముకున్నారు.

పెద్ద ప్లానుకి నేను పనికిరానట. ఇప్పుడు ఏసుబాబు ఆఫీసులో మెట్ల కింద, గోనెసంచిలో, నాలాంటి పాతిక డబ్బాలతో కలిసి పడి ఉన్నాను. ఎవరినో తడిగుడ్డతో తుడిచి మళ్ళీ కొత్తదంటాడు. నాకు ఆ ఆశ లేదు, కోరికా లేదు. ఆ ఇంట్లో చివరిగా చూసింది ఒకటి ఉంది, అది మాత్రం చెప్పేస్తాను.

కొత్త డబ్బా లైను అందుకునేదాకా నన్ను కూడా పక్కనే వెలగనిచ్చాడు ఏసుబాబు. నూకరత్నం కింద చాప మీద కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. హారిక వచ్చి కొత్త దీపాల్ని చూసింది. తల్లి భుజం తట్టింది. తర్వాత రెండు చేతులూ చెవుల పక్కకి తీసుకెళ్ళి, జడలు మడిచి రిబ్బను ముడి వేసినట్టు వేళ్ళు తిప్పింది. వాళ్ళ భాషలో బడి అంటే అదే. ఆ తర్వాత అరచెయ్యి తెరిచి తల్లి ముందు పెట్టింది. ఎప్పుడు అని.

ఇద్దరి మధ్యా బారెడు దూరం కూడా లేదు. తీగ లేదు, కంపెనీ లేదు, తారీఖు లేదు. నూకరత్నం చూసింది, ఆవిడకి అర్థమైంది. తల వంచుకుని దారం పళ్ళతో తెంపి, కొత్త దారం ఎక్కించడానికి సూది వెలుగుకి పట్టుకుంది.

"అయిపోయిందండి, ఇంక ఎంత వాడినా గీతంటూ లేదండి" అన్నాడు ఏసుబాబు, నా తీగ లాగి నన్ను చంకలో పెట్టుకుంటూ. గుమ్మం దాటేటప్పటికి ఆ పిల్ల చెయ్యి ఇంకా అలాగే తెరిచి ఉంది.